చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? పీ0340 కోడ్ చూసి వెంటనే సెన్సర్ మార్చేయకండి..!

ఎండలో అరగంట నడిచిన కారు సిగ్నల్ దగ్గర టక్కున ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. వెనకాల హారన్ల మోత. పక్కకి నెట్టి, పావుగంట ఆగి మళ్లీ సెల్ఫ్ కొడితే.. ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది! షెడ్డుకి తీసుకెళ్లేసరికి బండి బాగానే ఉంటుంది. స్కానర్ పెడితే మాత్రం పీ0340 అని కోడ్ కనిపిస్తుంది. "క్యామ్ సెన్సర్ పోయింది సార్, మార్చాలి" అంటారు. మార్చేస్తారు. వారం తిరక్కుండానే బండి మళ్లీ రోడ్డు మీద ఆగుతుంది.

చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. పీ0340 అంటే 'సెన్సర్ పోయింది' అని కాదు. క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ సర్క్యూట్ నుంచి రావాల్సిన సిగ్నల్ రావట్లేదని కారులోని కంప్యూటర్, అదే ఈసీయూ, చెబుతోందని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు.. వైర్లు, కనెక్టర్, పవర్, ఎర్త్ అన్నీ కలిపి.

అసలు ఈ సెన్సర్ ఏం చేస్తుంది?

ఇంజిన్‌లో వాల్వులను తెరిచేది క్యామ్‌షాఫ్ట్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఇది ఒక్క చుట్టు తిరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చిందని క్రాంక్ సెన్సర్ చెప్పగలదు. కానీ అది గాలిని నొక్కడానికి వచ్చిందా, కాలిన పొగను బయటకు నెట్టడానికి వచ్చిందా అన్నది దానికి తెలీదు. ఆ తేడా చెప్పేది క్యామ్ సెన్సర్. ఏ సిలిండర్‌లో ఎప్పుడు ఇంధనం చిమ్మాలో ఈసీయూ దీన్ని బట్టే లెక్క వేసుకుంటుంది.

ఆ సమాచారం అందకపోతే కొన్ని కార్లు స్టార్టే కావు. కొన్ని మాత్రం క్రాంక్ సెన్సర్ మీదే ఎలాగోలా నెట్టుకొస్తాయి. అప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి రావడం, పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం లాంటివి కనిపిస్తాయి. ఇంకో చిక్కు ఏంటంటే.. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ అవ్వడం క్రాంక్ సెన్సర్ పాడైనా జరుగుతుంది. దాని కోడ్ పీ0335. కాబట్టి లక్షణం చూసి తీర్పు చెప్పేయకూడదు.

కోడ్ చెరిపేయొద్దు.. ముందు ఫోటో తీయండి

ఓబీడీ పోర్ట్ సాధారణంగా స్టీరింగ్ కిందే ఉంటుంది. ఫోన్‌కి కనెక్ట్ అయ్యే చిన్న బ్లూటూత్ స్కానర్ ఉంటే కోడ్లు మీరే చూసుకోవచ్చు. కోడ్‌తో పాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' అనే సమాచారం కూడా ఉంటుంది. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడ్‌లో తిరుగుతోంది అన్నది అందులో దొరుకుతుంది. బ్యాటరీ వైరు పీకేసినా, కోడ్ చెరిపేసినా ఇదంతా పోతుంది. క్యామ్, క్రాంక్ రెండిటి కోడ్లూ ఒకేసారి వచ్చాయా? రెండు సెన్సర్లూ ఒకే రోజు పోవడం అరుదు. రెండిటికీ కలిపి వచ్చే పవర్ లేదా ఎర్త్‌ను ముందు అనుమానించాలి.

తర్వాత బానెట్ ఎత్తి కళ్లతో చూడాలి. కనెక్టర్ విప్పితే లోపల ఆయిల్ ఉందా, పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టాయా, ఎలుకలు వైరు కొరికాయా? (అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో ఎలుకల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.) మా నాన్న కారుకి రెండు సెన్సర్లు మార్చాక అసలు సంగతి బయటపడింది. వైరింగ్ మీద తొడుగు ఊడిపోయి, ఒక వైరు బ్రాకెట్ అంచుకి ఒరుసుకుంటోంది. ఇన్సులేషన్ చుట్టి, క్లిప్ వేస్తే సరిపోయింది. రెండు సెన్సర్ల డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు!

మల్టీమీటర్ ఉంటే పది నిమిషాల పని

చాలా కార్లలో ఇది మూడు వైర్ల హాల్ సెన్సర్. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కనెక్టర్ దగ్గర చూడాలి. ఒక వైరులో కారును బట్టి 5 లేదా 12 వోల్టులు ఉండాలి. ఇంకో వైరు ఎర్త్, బ్యాటరీ నెగటివ్‌తో పోలిస్తే దాదాపు సున్నా చూపించాలి. ఈ రెండిట్లో ఏది లేకపోయినా కొత్త సెన్సర్ పెట్టి లాభం లేదు. రెండూ బాగుంటే మూడోది, సిగ్నల్ వైరు. కనెక్టర్ మళ్లీ పెట్టేసి, ఇంజిన్‌ను స్పానర్‌తో నెమ్మదిగా తిప్పుతుంటే దాని వోల్టేజ్ పైకీ కిందకీ మారాలి. మారకపోతే అప్పుడు సెన్సర్‌ను అనుమానించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలు మీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది, దాన్ని నమ్మలేం. మూడు వైర్ల సెన్సర్ మీద ఓమ్స్ టెస్ట్ చేయొద్దు, అది రెండు వైర్ల రకానికే.

ఈ పరీక్షలన్నీ బండి మొండికేసినప్పుడే చేయాలి. చల్లారాక చేస్తే అంతా బాగానే చూపిస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్‌లకు వేర్వేరుగా ఒకే రకం సెన్సర్లు ఉన్న ఇంజిన్లలో ఒక తేలిక దారి ఉంది. రెండిటినీ అటూ ఇటూ మార్చి చూడండి. పీ0340 పోయి పీ0365 వస్తే లోపం సెన్సర్‌తో పాటే వెళ్లినట్టు. కోడ్ మారకపోతే లోపం వైరింగ్ వైపు ఉందన్నమాట.

పీ0016 కూడా ఉంటే మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. క్యామ్, క్రాంక్ లెక్క కుదరట్లేదని ఆ కోడ్ చెబుతుంది. టైమింగ్ చైన్ సాగినా, బెల్ట్ పన్ను జారినా ఇది వస్తుంది. అప్పుడు సెన్సర్ చెప్పేది నిజమే, తప్పు ఇంజిన్‌ది. అలాగే నడిపితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి, ఖర్చు ఎక్కడికో పోతుంది.

లోపం తేలే దాకా హైవే ఎక్కకపోవడం మంచిది. నడుస్తూ ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేక్ కూడా గట్టిపడుతుంది. షెడ్డులో సెన్సర్ మార్చాలంటే "పవర్, ఎర్త్ చూశారా?" అని ఒక్క మాట అడగండి. మార్పిస్తే ఓ-రింగ్ కూడా కొత్తదే వేయమనండి, పాత సెన్సర్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. అదే కోడ్ మళ్లీ వస్తే పనికొచ్చేది అదే.