గొర్రెపిల్ల ఇంట్లో తోడేలు అతిథి

వలలో చిక్కిన పావురాల తాళ్లను హిరణ్యకుడనే ఎలుక కొరికి విడిపించింది. అది చూసి ముచ్చటపడిన ఒక కాకి ఆ ఎలుక కన్నం ముందు వాలి స్నేహం చేద్దామంది. ఎలుక మాత్రం బయటికి రాలేదు. నువ్వు తినే జాతి, నేను తిండి అయ్యే జాతి, మనకు పొత్తెలా కుదురుతుందని లోపలి నుంచే నిలదీసింది. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' చదువుకున్న తరాలకు ఈ కథ కొత్త కాదు. జంతువులు మనుషుల్లా మాట్లాడుకుంటూ, ఊళ్లు కట్టుకుని బతికే లోకాన్ని ఊహించే ప్రతి రచయితా ఎప్పుడో ఒకప్పుడు ఆ కన్నం ముందు ఆగాల్సిందే. తినేవాడూ, తిండి అయ్యేవాడూ ఒకే వీధిలో కాపురముండటం ఎలా?

ఈ ప్రశ్నకు జవాబుగా డిస్నీ సంస్థ 2016లో ఒక మహానగరాన్నే కట్టి చూపించింది. ఆ యానిమేషన్ చిత్రం పేరు 'జూటోపియా'. బైరన్ హోవార్డ్, రిచ్ మూర్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం మరుసటి ఏడాది ఆస్కార్ గెలుచుకుంది. ఆ నగరంలో మంచు ప్రాంతం జీవులకొక పేట, ఎడారి జీవులకొక పేట, చిట్టెలుకలకొక బుల్లి పేట ఉన్నాయి. మేయర్ సింహం, ఆయన సహాయకురాలు గొర్రె! వేటాడే జాతులు ఆ జనాభాలో పదో వంతు మాత్రమే. అంటే కోరలున్నవాళ్లు కొద్దిమంది, భయమున్నవాళ్లు కోకొల్లలు. ఈ ఒక్క లెక్కతో మనకు తెలిసిన అడవి కథ తలకిందులైపోయింది.

జూడీ అనే కుందేలు పోలీసు ఉద్యోగానికి పట్నం బయల్దేరుతుంటే కన్నవాళ్లు ఆమె చేతిలో నక్కల్ని తరిమే స్ప్రే డబ్బా పెట్టి పంపుతారు. అదే నగరంలో నిక్ అనే నక్క బతుకు మరోలా ఉంది. చిన్నప్పుడు ఎంతో ఆశతో స్కౌట్లలో చేరబోతే తోటి పిల్లలు అతన్ని పట్టుకుని మూతికి చిక్కం బిగించారు. ఆనాటి వరకు అతను ఎవరినీ కరవలేదు. అతని నేరమల్లా నక్కగా పుట్టడమే! లోకం తనను ఎలాగూ జిత్తులమారిగానే చూస్తుంది కాబట్టి అలాగే బతుకుదామని ఆ పసివాడు ఆ రోజే నిశ్చయించుకున్నాడు. మనం వేసే ముద్రలు ఉన్న దోషిని పట్టివ్వకపోవచ్చు గానీ, లేని దోషిని మాత్రం తయారు చేస్తాయి.

కొన్నాళ్లకు నగరంలో వేటాడే జంతువులు కొన్ని ఉన్నట్టుండి మతి తప్పి మీద పడసాగాయి. కారణమేమిటని విలేకరులు అడిగితే, అది వాటి పుట్టుకలోనే ఉందేమోనని మంచిదైన జూడీయే నోరు జారింది. అంతే! రైల్లో పులి వచ్చి పక్కన కూర్చుంటే కుందేలు తల్లి బిడ్డను దగ్గరికి లాక్కుంది. పోలీస్ స్టేషన్‌లో అందరినీ నవ్వుతూ పలకరించే చిరుతను ముందు బల్ల నుంచి తీసి రికార్డుల గదికి పంపేశారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అయినా నగరం నిలువునా రెండుగా చీలిపోయింది.

ఇంతకూ ఆ పిచ్చికి మూలం ఒక విషపు పూవు. దాన్ని ప్రయోగించింది సహాయ మేయరైన గొర్రె! అధిక సంఖ్యాకుల భయమే తనకు గద్దె అవుతుందని ఆమె లెక్క. మన భాషలోనే పులీ తోడేలూ 'క్రూరమృగాలు', మేకా గొర్రే 'సాధుజంతువులు'. గొర్రె తోలు కప్పుకున్న తోడేళ్ల గురించి ప్రభువు హెచ్చరించాడని మనకు తెలుసు. ఇక్కడ మాత్రం తోలూ గొర్రెదే, లోపల ఉన్నదీ గొర్రే! క్రూరత్వానికి కోరలే అక్కర్లేదు, భయాన్ని అమ్ముకోవడం తెలిస్తే చాలు.

చిత్రం తయారీ దశలో వేటాడే జంతువులన్నిటి మెడకూ షాక్ కొట్టే పట్టీలు ఉండేలా కథ రాసుకున్నారు. అలాంటి నగరాన్ని ప్రేక్షకులు ప్రేమించలేరని గ్రహించి ఆ కథ మార్చుకున్నారు. కానీ మనుషుల చరిత్రలో ఆ పట్టీలు నిజంగానే ఉన్నాయి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం 1913లో ఎరుకల వారి కోసం అలా ఏర్పాటైన సెటిల్‌మెంటే. దాని నిర్వహణ చూసింది క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ. మన వాళ్లు అక్కడ బడి పెట్టారు, పని చూపించారు, నిజమే. కానీ ఆ చట్టం కింద వేసిన హాజరు పట్టీకీ, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్షకూ కూడా మన వాళ్లే కాపలా ఉన్నారన్నది మరువరాదు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కానీ ముద్ర చెరగలేదు. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' కూడా ఆ ఊరి పేరుతో దొంగ కథనే చెప్పింది.

అయితే జంతు కథకొక హద్దుంది. పులికి పుట్టుకతోనే కోరలుంటాయి. మనుషుల్లో మాత్రం కోరలతో పుట్టిన జాతి ఏదీ లేదు. అందరం దేవుని స్వరూపంలోనే చేయబడ్డాం. కనుక జంతు నగరంలోనే తప్పయిన ముద్ర మన మధ్య మరింత పెద్ద తప్పు. అలాగని ఇంట్లో కొడుతున్నవాడికీ, పసివాళ్లను చెరుస్తున్నవాడికీ తలుపు తెరిచిపెట్టమని కాదు. చేసిన పనిని బట్టి భయపడటం వివేకం, పుట్టిన ఇంటిని బట్టి భయపడటం అన్యాయం. ఈ రెంటికీ తేడా తెలియాలి.

తోడేలు గొర్రెపిల్లతో కలిసి ఉండే రోజును యెషయా ప్రవక్త దర్శించాడు (యెషయా 11:6). హెబ్రీ మూలంలో అక్కడున్న క్రియ 'గూర్'. పరాయి చోట అతిథిగా తలదాచుకోవడమని దాని అర్థం. అంటే ఇల్లు గొర్రెపిల్లది, వచ్చిన అతిథి తోడేలు! బలవంతుడు తన బలాన్ని గుమ్మం బయట వదిలి రావాలి. బలహీనుడు తన భయాన్ని చట్టంగా మార్చకుండా తలుపు తీయాలి. ఈ రెండూ జరగనిదే ఏ నగరమూ నిలవదు.

దమస్కులో ఒకనాడు ఇదే జరిగింది. బెన్యామీను చీల్చే తోడేలు వంటివాడని యాకోబు చెప్పాడు (ఆదికాండము 49:27). ఆ గోత్రంలో పుట్టిన సౌలు విశ్వాసుల్ని వేటాడుతూ దమస్కు దారి పట్టాడు. ప్రభువు దారిలో పట్టుకోగా చూపు పోయి, ఒకరు చేయి పట్టి నడిపిస్తే ఊళ్లోకి వచ్చాడు. ఎవరిని బంధించాలని వచ్చాడో ఆ మందలోని అననీయనే అతని దగ్గరికి వెళ్లమన్నాడు దేవుడు. అననీయ భయపడ్డాడు, సౌలు చేసిన కీడంతా విన్నానని దేవునితో వాదించాడు కూడా! దేవుడు ఆ భయాన్ని తప్పు పట్టలేదు, కానీ ఆ భయం దగ్గరే అతన్ని ఆగిపోనివ్వలేదు. అననీయ వెళ్లి, అతని మీద చేతులుంచి, సహోదరుడా అని పిలిచాడు (అపొ.కా. 9). తోడేలును పౌలుగా చేసింది దేవుని కృప. ఆ కృపకు మొదటి నోరు, నిన్నటిదాకా వేటాడబడిన ఒక మామూలు విశ్వాసిది.

హిరణ్యకుడూ చివరికి కన్నం విడిచి బయటికి వచ్చాడు. ఆ స్నేహమే ఆ తర్వాత ఉచ్చులో పడిన జింక ప్రాణం కాపాడింది. మన వీధిలో ఇల్లు అద్దెకు అడిగితే ఊరి పేరు విని వెనక్కి పంపినవారు ఎందరో! ఈ ఆదివారం మన పక్క బల్ల మీద కూర్చునే కొత్త మనిషిని ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీయక ముందే సహోదరుడా అని పిలుద్దాం. దేవుని రాజ్యం ఆ పిలుపుతోనే మన గుమ్మంలోకి వస్తుంది!