ఒక మాట - రెండు పనులు

పిల్లలూ, హైదరాబాదులోని హైటెక్ సిటీలో మొట్టమొదట లేచిన మేడ సైబర్ టవర్స్. దానిని 1998 లో ప్రారంభించారు. ఆ చుట్టుపక్కల కంపెనీలలో ఎందరో దూరదేశాలవారితో ఇంగ్లీషులోనే వ్యవహరిస్తారు. అటువంటి చోట పనికివచ్చే "డిస్టింక్ట్‌లీ" అనే మాటను చూద్దామా?

"ఐ హర్డ్ ఇట్ డిస్టింక్ట్‌లీ" అంటే, "నేను స్పష్టంగా విన్నాను" అని. కాని "డిస్టింక్ట్‌లీ స్లో" అంటే, నెమ్మదితనం ఎవరికైనా ఇట్టే తెలిసిపోయేటంత ఉన్నదన్నమాట. కంప్యూటర్ ప్రోగ్రాం అలా ఉన్నదని ఎవరైనా వ్రాస్తే, "కాస్త నెమ్మదే గదా" అని ఊరుకుంటే పని చెడుతుంది!

మన "బాగా" కూడా ఇలాంటిదే. "దుర్గం చెరువు బాగా కనిపిస్తున్నది" అంటే స్పష్టంగా అని. "నీళ్ళు బాగా చల్లగా ఉన్నవి" అంటే ఎక్కువగా అని. సాధారణంగా "డిస్టింక్ట్‌లీ" వినటం, చూడటం వంటి పనితో చేరితే స్పష్టత, గుణంతో చేరితే మోతాదు. ఏదీ, మీరూ చెరొక వాక్యం వ్రాయండి!