బలపం కొరికే బిడ్డను కోప్పడే ముందు

బిడ్డ బలపం కొరుకుతుంది, గోడ సున్నం గీకి తింటుంది, మట్టి నోట పెట్టుకుంటుంది. మనం కోప్పడి, అది దురలవాటని సరిపెట్టుకుంటాం. ఆ అలవాటు వెనుక తరచూ ఇనుము లోపం దాగి ఉంటుందని మనకు తోచదు. పాలిపోయిన ముఖం, ఆటలో త్వరగా అలసిపోవడం, అన్నం సహించకపోవడం, చిరాకు, చదువుపై నిలవని ధ్యాస కూడా ఈ లోపానికి గుర్తులు కావచ్చు.

ఇది ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం, తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దీనికి గల కారణాలలో ఇనుము లోపం ప్రధానమైనది. ఇనుము రక్తానికే కాదు, ఎదిగే మెదడుకూ అవసరం. తొలి రెండేళ్ళలో జరిగిన నష్టం తరువాత మందు వాడినా పూర్తిగా తీరకపోవచ్చు.

తల్లి గర్భంలో శిశువు దాచుకున్న ఇనుము సుమారు ఆరు నెలలకే సరిపోతుంది. ఆపై ఇనుము గల ఆహారం పెట్టవలసిన చోట మనం సీసాలకొద్దీ గేదెపాలు పడతాం. పాలలో ఇనుము స్వల్పం. పైగా ఆకలిని చంపుతాయి. కడుపులోని కొంకిపురుగులు ఉన్న రక్తాన్నీ పీల్చివేస్తాయి.

ఖర్జూరం, బీట్‌రూట్ పెడితే రక్తం పడుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అవి మంచి ఆహారమే గాని, వాటిలోని ఇనుము కొద్దిపాటిదే. కాలేయం, మాంసంలోని ఇనుము సులువుగా వంటబడుతుంది. పప్పు, ఆకుకూరలపై నిమ్మరసం పిండితే వాటి ఇనుమూ మెరుగుగా అందుతుంది. అయితే రక్తహీనత ఏర్పడిన తరువాత ఆహారమొక్కటే చాలదు, మందు తప్పనిసరి.

రెండు నుండి అయిదేళ్ళ లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. చికిత్సలో సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఇనుము ఇస్తారు. సిరప్‌లలో ఇనుము పాళ్ళు వేర్వేరుగా ఉంటాయి కనుక, ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో వైద్యుడే చెప్పాలి. అంగన్‌వాడీ ద్వారా వారానికి రెండుసార్లు అందే ఒక మిల్లీలీటరు సిరప్ నివారణకే. చికిత్స మోతాదు వేరు.

మందును పాలతోగాని, చాయ్‌తోగాని ఇవ్వరాదు. భోజనాల నడుమ పండ్లరసంతో ఇస్తే మేలు; కడుపులో వికారమైతే అన్నం తరువాత ఇవ్వవచ్చు. పళ్ళపై మరకలు పడకుండా నోరు పుక్కిలించాలి. మలం నల్లబడుతుంది. అది చూసి దాదీ “వేడి చేసింది” అంటుంది, తల్లి భయపడి సీసా మూలన పెడుతుంది. ఆ నలుపు ఇనుము వల్లనే. దాని వల్ల హాని లేదు.

సుమారు నెల రోజులలో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మందు సరిగా అందుతున్నదా, రక్తం ఎక్కడైనా పోతున్నదా, లేక తలసీమియా వంటి వ్యాధి ఉన్నదా అని వైద్యుడు పరీక్షించాలి. తలసీమియా ఉన్న బిడ్డకు అనవసరంగా ఇనుము ఇస్తే కీడే. కనుక పరీక్ష లేకుండా నెలల తరబడి మందు వాడరాదు.

బిడ్డ ముఖం కళకళలాడగానే మందు ఆపివేయడం మనం చేసే మరో పొరపాటు. అప్పటికి రక్తం కోలుకున్నది గాని, శరీరంలోని నిల్వలు నిండలేదు. హిమోగ్లోబిన్ సరి అయిన తరువాత మరో రెండు మూడు నెలలు, వైద్యుని సలహాతో, కొనసాగించాలి. లేకుంటే లోపం మళ్ళీ తలెత్తుతుంది.

చివరిగా ఒక హెచ్చరిక. గర్భిణి కోసం ఇంటికి తెచ్చిన ఇనుము మాత్రలు పిల్లల కంటికి మిఠాయిల్లా కనిపిస్తాయి. గుప్పెడు మింగితే ప్రాణాపాయం. పొరపాటున మింగితే లక్షణాల కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొలిచి ఇస్తే ప్రాణం పోసే ఇనుమే, అజాగ్రత్తతో ప్రాణం తీయగలదు. ఆ సీసాను, మాత్రలను బీరువాలో పెట్టి తాళం వేద్దాం. మందు ఇచ్చే వేళను మాత్రం మరువకుండా ఉందాం.