మంచు కరిగాక ఎలుగుబంట్లు ఎటు నడిచాయి?

2004 నవంబర్ 1. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో ఉన్న పిరనీస్ పర్వతాల్లో, అడవిపందుల వేటకు వెళ్ళిన ఒక వేటగాడి తూటాకు ఒక ఆడ ఎలుగుబంటి చనిపోయింది. దాని పేరు కనెల్. ఫ్రెంచి భాషలో దాల్చినచెక్క అని అర్థం. దాని వెంట ఏడాది కూడా నిండని పిల్ల ఉంది. తల్లి లేకపోయినా ఆ పిల్ల బతికింది. కానీ అది మగపిల్ల.

ఇక్కడ ‘కానీ’ అనాల్సి రావడానికి కారణం ఉంది. పిరనీస్‌లో తరతరాలుగా ఉన్న స్థానిక ఎలుగుల్లో మిగిలిన చివరి ఆడది కనెల్. దాని చావుతో వేల ఏళ్ళుగా తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చిన ఒక వంశధార ఆ కొండల్లో ఆగిపోయింది. మంచుయుగాన్ని తట్టుకుని నిలిచిన వంశం అది. ఆ ఎలుగులు మంచు కాలంలో ఎక్కడ తలదాచుకున్నాయి, మంచు కరిగాక ఏ దారిన యూరప్ అంతటా వ్యాపించాయి అన్న కథను శాస్త్రవేత్తలు గత మూడు దశాబ్దాలుగా కూడబలుక్కుంటూ చదువుతున్నారు. ఆ కథకు మన హిమాలయాలతో కూడా సంబంధం ఉంది.

మంచు కింద సగం ఖండం

మన తెలుగు అడవుల్లో కనిపించే నల్లటి ఎలుగుబంటి వేరు, ఈ కథలోని గోధుమరంగు ఎలుగుబంటి వేరు. రెండూ వేర్వేరు జాతులు. గోధుమరంగు ఎలుగు యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా ఖండాల్లో ఉంది. ప్రపంచంలో వీటి సంఖ్య సుమారు 2 లక్షలని అంచనా. అందులో సగానికి పైగా రష్యాలోనే ఉన్నాయి.

సుమారు 26,000 నుంచి 19,000 ఏళ్ళ క్రితం వరకు చివరి మంచుయుగం పతాక దశలో ఉంది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాలు పూర్తిగా మంచు పలక కింద ఉండేవి. కొన్నిచోట్ల ఆ పలక మందం రెండు మూడు కిలోమీటర్లు. అంత నీరు మంచుగా నేల మీద గడ్డకట్టడం వల్ల సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా తక్కువగా ఉండేది. మంచు పలకకు దక్షిణాన ఉన్న నేలలో కూడా చాలా భాగం చెట్టుచేమ లేని చలి మైదానమే.

అడవి మీద ఆధారపడిన జంతువులు, మొక్కలు అప్పుడు దక్షిణానికి జరిగాయి. యూరప్‌కు దక్షిణాన మూడు ద్వీపకల్పాలు ఉన్నాయి. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ఒకటి, ఇటలీ రెండోది, బాల్కన్ ప్రాంతం మూడోది. అక్కడి కొండ లోయల్లో కాస్త వెచ్చదనం, కాస్త అడవి మిగిలాయి. చాలా జీవజాతులకు అవే ఆశ్రయాలయ్యాయి. తూర్పున కార్పేథియన్ పర్వతాల పరిసరాలు కూడా అలాంటివే. సుమారు 11,700 ఏళ్ళ క్రితం చలి శాశ్వతంగా వెనక్కి తగ్గాక, ఉత్తరాన ఖాళీ అయిన నేల వైపు జీవులు మళ్ళీ కదిలాయి.

తల్లి వైపు ఇంటిపేరు

ఎలుగులు ఏ ఆశ్రయం నుంచి ఎటు వెళ్ళాయో ఇప్పుడు తెలిసేదెలా? దీనికి ఉపయోగపడింది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తి అందించే సూక్ష్మ భాగాలు. వాటికి సొంతంగా చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. కొడుకుకూ వస్తుంది, కూతురికీ వస్తుంది. కానీ తర్వాతి తరానికి అందించగలిగేది కూతురే. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు, ఇది తల్లి వైపు నుంచి వచ్చే ఇంటిపేరు అనుకోవచ్చు. కనెల్ పిల్ల మగది కావడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది. తల్లి ‘ఇంటిపేరు’ దాని ఒంట్లో ఉన్నా, దానితోనే ముగుస్తుంది.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన పియర్ టాబెర్లే, జాన్ బూవే 1990ల మొదట్లో ఈ పని మొదలుపెట్టారు. ఎలుగుబంటిని పట్టుకుని రక్తం తీయడం కష్టం, దానికీ ప్రమాదం. చెట్లకు ఒళ్ళు రుద్దుకున్నప్పుడు రాలిన వెంట్రుకల నుంచే డీఎన్‌ఏ తీయవచ్చని వారు 1992లో చూపించారు. 1994లో యూరప్ ఎలుగుల వంశపటాన్ని ప్రచురించారు. అందులో రెండు పెద్ద వంశాలు కనిపించాయి. ఒకటి పశ్చిమ వంశం, రెండోది తూర్పు వంశం. పశ్చిమ వంశంలో మళ్ళీ రెండు శాఖలు. ఒక శాఖ ఐబీరియాది, ఇంకొకటి ఇటలీ, బాల్కన్ ప్రాంతాలది. తూర్పు వంశం రష్యా, ఫిన్లాండ్, ఎస్టోనియా వైపు పరుచుకుంది. పిరనీస్ ఎలుగులు ఐబీరియా శాఖకు చెందినవి.

స్వీడన్ మధ్యలో ఒక గీత

ఈ పటంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది స్వీడన్. ఆ దేశపు దక్షిణ భాగంలోని ఎలుగుల తల్లి వంశం పశ్చిమానిది. వాటికి దగ్గరి బంధువులు పక్కనే ఉన్న ఫిన్లాండ్‌లో లేవు, ఎక్కడో స్పెయిన్, పిరనీస్ కొండల్లో ఉన్నాయి. ఉత్తర భాగంలోని ఎలుగులు తూర్పు వంశానివి. మధ్య స్వీడన్‌లో రెండు వంశాలూ ఎదురుపడతాయి.

ఇలా ఎందుకు జరిగింది? మంచు పలక అంచుల నుంచి లోపలికి కరుగుతూ వచ్చింది. మధ్య భాగం ఆఖరున కరిగింది. ఈలోగా ఒక గుంపు దక్షిణం నుంచి వచ్చింది. అప్పట్లో సముద్రం ఇంకా ఇప్పటి మట్టానికి పెరగలేదు. డెన్మార్క్ వైపు నుంచి దక్షిణ స్వీడన్‌కు కొంతకాలం నేల దారి ఉండేది. ఇంకో గుంపు తూర్పు నుంచి ఫిన్లాండ్ మీదుగా, బాల్టిక్ సముద్రపు ఉత్తర కొసను చుట్టి వచ్చింది. వేల కిలోమీటర్ల దూరంలో విడిపోయిన రెండు వంశాలు ఆఖరి మంచు కరిగిన చోట కలుసుకున్నాయి. కొన్ని రకాల చిన్న ఎలుకల వంశాలు కూడా ఈ ప్రాంతంలోనే ఎదురుపడటం ఈ వివరణకు బలాన్నిచ్చింది. బ్రిటన్ శాస్త్రవేత్త గాడ్‌ఫ్రే హ్యూయిట్ యూరప్ జీవజాతుల వలసలను కొన్ని నమూనాలుగా విడదీసినప్పుడు, ఒక నమూనాకు ఎలుగుబంటి పేరే పెట్టారు.

కలుసుకుని ఇన్ని వేల ఏళ్ళయినా ఆ గీత ఎందుకు చెరిగిపోలేదు? జవాబు ఎలుగుల కుటుంబ జీవితంలో ఉంది. పిల్లలు ఏడాదిన్నర, రెండేళ్ళు తల్లితో ఉంటాయి. ఆ తర్వాత కూతుళ్ళు చాలావరకు తల్లి తిరిగే అడవిని ఆనుకునే స్థిరపడతాయి. కొడుకులు వంద కిలోమీటర్లు దాటి కూడా వెళ్ళిపోతాయి. అందువల్ల తల్లి వంశాల సరిహద్దు అంత తొందరగా కదలదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏను చూస్తే, మగ ఎలుగుల రాకపోకల ద్వారా గీతకు రెండు వైపులా జన్యువులు కలుస్తూనే ఉన్నాయని తెలుస్తుంది. గీత తల్లుల కథను మాత్రమే చెబుతుంది.

కూతుళ్ళు ఇంత నెమ్మదిగా కదిలితే ఖండమంతా ఎలా నిండింది? ఒక లెక్క వేసి చూద్దాం. ఒక తరానికి పదేళ్ళు అనుకుందాం. ప్రతి తరంలో ఒక కూతురు తల్లికి 20 కిలోమీటర్ల అవతల గుహ వెతుక్కుందనుకుందాం. 100 తరాల్లో, అంటే 1,000 ఏళ్ళలో, 2,000 కిలోమీటర్లు వస్తుంది. మంచు వెనక్కి తగ్గిన కాలంతో పోలిస్తే ఇది చాలా తక్కువ సమయం. పైగా ఎలుగు ఏదైనా తింటుంది. గడ్డి, దుంపలు, అడవి పండ్లు, చీమలు, చచ్చిన జంతువు, చిక్కితే దుప్పి పిల్ల. అడవి పూర్తిగా పెరిగేదాకా దానికి ఆగాల్సిన పనిలేదు.

పాత ఎముకలు చెప్పిన మాట

ఇంతవరకూ కథ చక్కగా అతికినట్టే ఉంది. అయితే అది ఇప్పుడు బతికి ఉన్న ఎలుగుల డీఎన్‌ఏ నుంచి వెనక్కి ఊహించిన కథ. గుహల్లో దొరికిన పాత ఎముకల నుంచి డీఎన్‌ఏ తీయడం సాధ్యమయ్యాక, అందులో దిద్దుబాట్లు తప్పలేదు.

2007లో వెలువడిన ఒక అధ్యయనం యూరప్ ప్రాచీన ఎలుగుల ఎముకలను పరిశీలించింది. ఇప్పుడు స్పెయిన్‌లో కనిపించని తల్లి వంశాలు పూర్వం అక్కడ ఉండేవని తేలింది. అంటే ఆశ్రయాలు తలుపులు మూసుకున్న గదుల్లాంటివి కావు. వాటి మధ్య రాకపోకలు సాగాయి. మూడు ద్వీపకల్పాలకు ఉత్తరాన కూడా కొన్ని ఎలుగులు మంచు కాలాన్ని నెట్టుకొచ్చాయని ఆ తర్వాతి పరిశోధనలు సూచించాయి. దీన్ని బట్టి ఇంకో విషయం తేలుతుంది. ఇప్పటి పటంలోని శుభ్రమైన గీతలన్నీ మంచుయుగం గీసినవి కావు. మధ్యలో ఉన్న ఎన్నో ఎలుగు గుంపులను మనుషులు వేటాడి తుడిచిపెట్టారు. మిగిలిన ముక్కలు ఒకదానికొకటి దూరంగా కనిపిస్తున్నాయి. స్వీడన్‌లోనే 1930 నాటికి మిగిలినవి సుమారు 130. రక్షణ కల్పించాక అవి కోలుకుని, ఇప్పుడు 2,000 దాటాయి.

పిరనీస్‌లో కూడా ఎలుగులు మళ్ళీ ఉన్నాయి. 1996, 1997లలో స్లొవేనియా నుంచి మూడు ఎలుగులను తెచ్చి వదిలారు. తర్వాత మరికొన్నిటిని తెచ్చారు. వాటి సంతానంతో ఇప్పుడు అక్కడ 80కి పైగా ఎలుగులు తిరుగుతున్నాయి. కనెల్ కొడుకుకు తండ్రి కూడా అలా తెచ్చిన ఎలుగు సంతానమే. అడవికి ఎలుగు తిరిగివచ్చింది. ఆ కొండల సొంత తల్లి వంశం మాత్రం రాలేదు.

మన హిమాలయాల్లో

జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ ఎత్తైన ప్రాంతాల్లో హిమాలయ గోధుమరంగు ఎలుగు ఉంది. 2017లో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయానికి చెందిన షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం, ‘యెతి’వని చెప్పుకునే తొమ్మిది నమూనాల డీఎన్‌ఏను పరిశీలించింది. ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది అని తేలింది. అందరూ యెతి సంగతే మాట్లాడుకున్నారు. అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి అందులో ఉంది. హిమాలయ ఎలుగుల తల్లి వంశం సుమారు 6,50,000 ఏళ్ళ క్రితమే మిగతా గోధుమరంగు ఎలుగుల నుంచి విడిపోయింది. పక్కనే ఉన్న టిబెట్ పీఠభూమి ఎలుగులు కూడా వేరే శాఖకు చెందినవి. అంటే మన ఎలుగులు ఒక్క మంచుయుగాన్ని కాదు, ఎన్నో మంచుయుగాలను ఈ పర్వతాల్లోనే గడిపాయి.

ఇప్పుడు వాటికి చలి సమస్య కాదు, వేడి సమస్య. భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్తలు పశ్చిమ హిమాలయాల్లో చేసిన అధ్యయనం ప్రకారం, 2050 నాటికి ఈ ఎలుగులకు అనువైన ఆవాసంలో సుమారు 73 శాతం తగ్గిపోవచ్చు. 13 రక్షిత ప్రాంతాలు దెబ్బతినవచ్చని, వాటిలో ఎనిమిది వాటికి పూర్తిగా పనికిరాకుండా పోవచ్చని, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళే దారులు కూడా తెగిపోవచ్చని ఆ అధ్యయనం హెచ్చరించింది.

వాతావరణం మారడం ఎలుగులకు కొత్త కాదు. మారిన ప్రతిసారీ అవి చేసింది ఒక్కటే, నడవడం. తల్లి అడవి పక్కన కూతురి అడవి, దాని పక్కన మనవరాలి అడవి. ఆ గొలుసు సాగాలంటే పక్క అడవి ఉండాలి, అక్కడికి దారి ఉండాలి. 11,000 ఏళ్ళ క్రితం రోడ్లు లేవు, కంచెలు లేవు. అందుకే రక్షిత ప్రాంతాలను విడివిడిగా కాపాడటం చాలదని, వాటిని కలిపే అటవీ దారులను కూడా కాపాడాలని శాస్త్రవేత్తలు కోరుతున్నారు. ఒక కొండలో చివరి ఆడ ఎలుగు పోతే ఏమవుతుందో పిరనీస్ ఇప్పటికే చూసింది. హిమాలయాల్లో ఇంకా సమయం ఉంది.