ప్రింటరు చవక, సిరా ప్రియం

శనివారం రాత్రి. మర్నాడు ఉదయం సంఘం వారి తెలుగు తరగతి. పిల్లలకు పంచవలసిన గుణింతాల పాఠం ఇరవై ప్రతులు కావాలి. ఏడో ప్రతి సగంలో ఉండగా ప్రింటరు ఆగిపోయి, సిరా అయిపోయిందని ఎర్ర దీపం వెలిగిస్తుంది. ఇంటాయన దుకాణం మూసే వేళకు పరుగున వెళ్ళి నలుపు ఒకటి, రంగులది ఒకటి కార్ట్రిడ్జిలు కొని రసీదు చూసుకుంటే, ఆ మొత్తం కిందటి ఏడాది ప్రింటరుకు ఇచ్చిన సొమ్ముకు ఏమంత తీసిపోదు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈ అనుభవం ఎదురుకాని ఇల్లు అరుదు. ఏనుగును కొనటం ఒక ఎత్తు, దాన్ని మేపటం మరో ఎత్తు. ప్రింటరు విషయంలోనూ అంతే.

అయితే ఈ ఖర్చులో కొంత వ్యాపార రహస్యం ఉన్నా, మరికొంత శుద్ధ భౌతిక రసాయన శాస్త్రం. ఆ రెండింటినీ విడదీసి చూస్తే, ఎవరి ఇంటికి ఏ యంత్రం తగినదో తేల్చుకోవటం కష్టం కాదు.

చుక్క వెనుక కథ

1977లో జపానులోని కేనన్ సంస్థ పరిశోధనశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి కాలిన సోల్డరింగు కడ్డీ పొరపాటున తగిలింది. సూది మొన నుంచి సిరా చివ్వున చిమ్మింది. వేడికి పుట్టిన ఆవిరి బుడగ సిరాను బయటికి నెట్టిందన్నమాట. ఇంచుమించు అదే కాలంలో అమెరికాలోని హ్యూలెట్ పాకర్డ్ శాస్త్రజ్ఞులు కూడా స్వతంత్రంగా ఇదే సూత్రాన్ని కనుగొన్నారు. ఈనాటికీ చాలా ప్రింటర్లు పనిచేసేది ఈ పద్ధతిలోనే. వెంట్రుక కన్న సన్నని రంధ్రం వెనుక ఉన్న చిన్న తాపకం, సెకనులో లక్షల వంతుల వ్యవధిలో, తనను తాకిన సిరాను సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తుంది. బుడగ పుడుతుంది, చుక్క ఎగురుతుంది, బుడగ కుంచించుకుపోతుంది, ఖాళీలోకి కొత్త సిరా వస్తుంది. ఇదంతా సెకనుకు వేల సార్లు జరుగుతుంది.

రెండో పద్ధతి ఎప్సన్ వంటి సంస్థలది. ఇందులో వేడి ఉండదు. విద్యుత్తు తగిలితే ఆకారం మార్చుకునే పదార్థం ఒకటి సిరాను పిండి చుక్కగా తోస్తుంది. ఈ పీజో ధర్మాన్ని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు.

ఈ చుక్కల పరిమాణం కొద్ది పికోలీటర్లు. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అయిదు పికోలీటర్ల చుక్క వ్యాసం తల వెంట్రుక మందంలో మూడో వంతు ఉంటుంది. ఒక్క మిల్లీలీటరు సిరాతో అటువంటి చుక్కలు ఇరవై కోట్లు వస్తాయి.

అంత సన్నని రంధ్రంలో ఉండవలసిన సిరా సామాన్యమైనది కాదు. మన చిన్ననాడు బిళ్ళను నీళ్ళలో కరిగించి బుడ్డిలో పోసుకున్న సిరాకూ దీనికీ పోలిక తక్కువ. ఇందులో అధిక భాగం నీరే. మిగిలినది రంగు పదార్థం, త్వరగా ఆరిపోకుండా ఆపే గ్లిసరాలు, గ్లైకాలుల వంటి ద్రవాలు, తలతన్యతను తగ్గించే సబ్బు వంటి పదార్థం, బూజు పట్టకుండా చూసే మందు. రసాయన శాస్త్రజ్ఞునికి ఇక్కడ ఎదురయ్యేవి పరస్పర విరుద్ధమైన కోరికలు. సిరా రంధ్రంలో వారాల తరబడి ఆరిపోకూడదు. కాగితం మీద పడిన మరుక్షణమే ఆరిపోవాలి. ఈ రెండింటినీ పొసగించటానికి ఎంతో పరిశోధన జరిగిన మాట వాస్తవం. అయినా దుకాణంలో మనం చెల్లించే ధరలో ముడి పదార్థాల ఖరీదు స్వల్ప భాగమే.

అసలు ధర పేజీది

1988లో హ్యూలెట్ పాకర్డ్ మొదటి డెస్క్‌జెట్‌ను విడుదల చేసినప్పుడు దాని ధర సుమారు 1000 డాలర్లు. ఇప్పుడు 100 డాలర్ల లోపే రంగుల యంత్రాలు దొరుకుతున్నాయి. తయారీ మెరుగుపడటం ఒక కారణం. యంత్రాన్ని చవకగా ఇచ్చి, లాభాన్ని సిరా మీద రాబట్టుకోవటం రెండో కారణం. కనుక కొనబోయే ముందు చూడవలసినది పెట్టె మీది ధర కాదు, పేజీకి పడే ఖర్చు. కార్ట్రిడ్జి ధరను అది అచ్చువేయగల పేజీల సంఖ్యతో భాగిస్తే ఆ ఖర్చు వస్తుంది.

ఒక ఊహాజనితమైన లెక్క వేసి చూద్దాం. 60 డాలర్ల ప్రింటరుకు నల్ల కార్ట్రిడ్జి 24 డాలర్లు, దానితో 200 పేజీలు వస్తాయనుకుంటే పేజీకి 12 సెంట్లు. 220 డాలర్ల టాంకు ప్రింటరుకు సిరా సీసా 14 డాలర్లు, దానితో 3,500 పేజీలు వస్తాయనుకుంటే పేజీకి అర సెంటు కన్న తక్కువే. యంత్రాల ధరలో తేడా 160 డాలర్లు. ఆ తేడా పూడటానికి 1,380 పేజీలు అచ్చువేయాలి. నెలకు 50 పేజీలు వాడే ఇంట్లో ఇది రెండేళ్ళ నాలుగు నెలల పని. నెలకు పది పేజీలే వాడే ఇంట్లో పదకొండున్నర ఏళ్ళు పడుతుంది. అంతకాలం ఆ యంత్రం బతకటమే అనుమానం. ఖరీదైన యంత్రం అందరికీ పొదుపు కాదనీ, చవక యంత్రం అందరికీ నష్టం కాదనీ ఈ చిన్న లెక్కే చెబుతున్నది.

పెట్టె మీద రాసే పేజీల సంఖ్యను సాధారణంగా ఐ.ఎస్.ఓ. 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, అయిదు నమూనా పేజీలను వరుసగా అచ్చువేసి నిర్ణయిస్తారు. ఇంటి వాడకం అలా ఉండదు. నిండు రంగుల చిత్రాలు వేస్తే సంఖ్య బాగా తగ్గుతుంది. కనుక దాన్ని యంత్రాలను పోల్చే కొలబద్దగానే తీసుకోవాలి గాని, హామీగా కాదు. చవక ప్రింటరుతో వచ్చే మొదటి కార్ట్రిడ్జిలో తరచు సిరా తక్కువగా ఉంటుందనీ, టాంకు ప్రింటరుతో సాధారణంగా నిండు సీసాలు వస్తాయనీ కూడా గుర్తుంచుకోవాలి. ఎక్స్.ఎల్. అనే పెద్ద కార్ట్రిడ్జి ఉంటే పేజీ ఖర్చు తగ్గుతుంది. అయితే అది నెలల తరబడి యంత్రంలో ఊరక ఉండిపోయే ఇంట్లో ఆ లాభం మిగలదు.

కాగితం చేరని సిరా

చాలామంది గమనించని ఖర్చు ఒకటున్నది. కొన్న సిరా అంతా కాగితం మీదికి చేరదు. రంధ్రం అంచున ఉన్న సిరాలోని నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. స్నిగ్ధత పెరిగి అది పాకంలా చిక్కబడుతుంది. చలికాలంలో ఫర్నేసు నడిచే ఇళ్ళలో గాలి పొడిగా ఉంటుంది గనుక ఇది మరింత త్వరగా జరుగుతుంది. దీన్ని నివారించటానికి ప్రింటరు అప్పుడప్పుడు తనంతట తానే కొంత సిరాను లోపలి దూది వంటి మెత్తలోకి పారబోసి రంధ్రాలను కడుక్కుంటుంది. నెలకొకసారి ఒక్క పేజీ వేసే ఇంట్లో కాగితానికన్న ఆ మెత్తకే ఎక్కువ సిరా దక్కవచ్చు.

ఇక్కడ పాటించవలసిన నియమాలు మూడు. మొదటిది, ప్రింటరును దాని సొంత బొత్తాముతోనే ఆపాలి. అలా ఆపినప్పుడే అచ్చు శిరస్సు తన స్థానానికి వెళ్ళి, రంధ్రాల మీద రబ్బరు మూత పడుతుంది. గోడ స్విచ్చి కట్టేస్తే శిరస్సు మధ్యలోనే మూత లేకుండా ఉండిపోవచ్చు. రెండవది, వారానికొకసారి అన్ని రంగులూ కొద్దికొద్దిగా ఉన్న ఒక పేజీ వేయాలి. పిల్లవాడు గీసిన చిన్న బొమ్మయినా చాలు. మూడవది, గీతలు పడుతున్నప్పుడు శుభ్రం చేసే ఆదేశం రెండు, మూడు సార్ల కన్న మించి ఇవ్వరాదు. కొన్ని గంటలు వదిలేసి మళ్ళీ ప్రయత్నించాలి. ఎండిన సిరా తడిలో నానటానికి వ్యవధి కావాలి. ఆత్రపడితే ఉన్న సిరా అంతా మెత్త పాలవుతుంది.

వేసవిలో ఆరు వారాలు ఇండియా వెళ్ళే కుటుంబాలకు మొదటి నియమం మరీ ముఖ్యం. ఖాళీగా ఉంచటం మంచిదనుకుని కార్ట్రిడ్జిలు ఊడదీసి వెళ్ళకూడదు.

ఎవరికి ఏది

నెలకు పది, పదిహేను పేజీలు, అవీ నల్ల అక్షరాలే అయితే, ఆ ఇంటికి ఇంక్‌జెట్ అవసరమే లేదు. నలుపు లేజరు ప్రింటరులో ఉండేది పొడి. అది ఎండిపోదు, గడ్డకట్టదు. మూడు నెలల తరువాత వేసినా మొదటి పేజీ స్పష్టంగా వస్తుంది. రంగుల పేజీ ఎప్పుడో ఒకటి కావలసివస్తే ఊరి గ్రంథాలయం ఉన్నది.

అప్పుడప్పుడు మాత్రమే రంగులు కావలసినవారికి, కార్ట్రిడ్జిలోనే అచ్చు శిరస్సు కూడా ఉండే చవక ఇంక్‌జెట్ మేలు. పేజీ ఖర్చు ఎక్కువే. కాని రంధ్రాలు పూడుకుపోతే కొత్త కార్ట్రిడ్జితో పాటు కొత్త శిరస్సు వస్తుంది. శిరస్సు యంత్రంలోనే శాశ్వతంగా ఉండే రకంలో అది పాడైతే తరచు యంత్రాన్నే పారవేయవలసి వస్తుంది.

బడి పనులు, తెలుగు తరగతి పాఠాలు, పండుగ ఆహ్వానాలు వారం వారం అచ్చువేసే ఇంటికి టాంకు ప్రింటరుకు సాటి లేదు. దీని పుట్టుక కూడా తెలుసుకోదగినది. ఆగ్నేయాసియాలో చాలామంది తమ ప్రింటర్లకు బయట సీసాలు కట్టి, గొట్టాల ద్వారా సిరా అందించుకునేవారు. ఎప్సన్ సంస్థ అదే ఏర్పాటును తానే చేసి 2010లో ఇండోనేషియాలో అమ్మకానికి పెట్టింది. అమెరికాకు అది 2015లో గాని రాలేదు.

నెలవారీ చందాకు సిరా పంపే పథకాల్లో లెక్క పేజీలకే గాని సిరాకు కాదు. నిండు రంగుల ఫోటో అయినా, రెండు పంక్తుల ఉత్తరమైనా ఒక్క పేజీయే. ప్రతినెలా ఒకే తీరున అచ్చువేసేవారికి ఇది లాభించవచ్చు. చందా మానితే ఆ కార్ట్రిడ్జిలు పనిచేయకుండా ఆగిపోయే షరతు ఉంటుందేమో ముందే చదివి చూసుకోవాలి.

వీటిలో ఏది ఉన్నా, చదివి పారవేసే కాగితాలకు డ్రాఫ్టు పద్ధతి, నలుపు మాత్రమే అనే ఎంపిక, రెండు వైపులా అచ్చు అలవాటు చేసుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది.

ఇక్కడి ప్రింటరును ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసం పట్టుకెళ్ళేవారు రెండు విషయాలు చూసుకోవాలి. ఇక్కడి విద్యుత్తు 120 వోల్టులు, అక్కడ 230. పైగా కొన్ని ప్రింటర్లు తాము అమ్ముడైన ప్రాంతపు కార్ట్రిడ్జిలనే అంగీకరిస్తాయి. అక్కడే కొనివ్వటం ఉత్తమం.

బయటి సిరా పోయవచ్చునా?

చట్టరీత్యా పోయవచ్చు. వాడిన కార్ట్రిడ్జిలను నింపి అమ్మే వ్యాపారం మీద లెక్స్‌మార్క్ సంస్థ నడిపిన వ్యాజ్యంలో, ఒకసారి అమ్మిన వస్తువు మీద తయారీదారుకు పేటెంటు హక్కు మిగలదని 2017లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బయటి సిరా వాడినంత మాత్రాన వారంటీ రద్దు చేయటానికి కూడా 1975 నాటి వారంటీ చట్టం ఒప్పుకోదు. ఆ సిరా వల్లనే యంత్రం చెడితే మాత్రం ఆ మరమ్మతు తయారీదారు బాధ్యత కాదు. కొన్ని యంత్రాలు కార్ట్రిడ్జిలోని చిప్పును పరిశీలించి పరాయి సరుకును నిరాకరిస్తాయి. అటువంటి షరతు ఉన్నదేమో కొనేముందే తెలుసుకోవాలి.

రసాయన రీత్యా జాగ్రత్త అవసరం. సిరాలు రెండు రకాలు. డై రకంలో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంటు రకంలో రంగు అతి సూక్ష్మమైన రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వాటి మీది విద్యుదావేశమో, వాటిని చుట్టిన పాలిమరు పొరో కాపాడుతుంది. పొసగని మరో సిరా కలిసిందంటే, నిమ్మరసం పడిన పాలలా అది విరిగి రంధ్రాలను మూసివేయగలదు. కనుక ఏ నమూనా యంత్రానికి తయారుచేసిన సిరా దానికే వాడాలి. ఒకదానితో ఒకటి కలపరాదు. కలం సిరా పోసే సాహసం అసలే కూడదు.

తాతగారి ఫోటో

పొదుపు పనికిరాని చోటు ఒకటున్నది. ఊరి నుంచి తెచ్చిన పాత ఫోటోను స్కాను చేసి, ఇంట్లోనే అచ్చువేసి, గోడకు తగిలించిన కొన్నేళ్ళకు తాతగారి ముఖం వెలవెలబోతే కలిగే బాధకు లెక్క కట్టలేము. డై రకం సిరాలో రంగు అణువులు విడివిడిగా ఉంటాయి. వెలుతురూ, గాలిలోని ఓజోనూ వాటిని ఒక్కొక్కటిగా ఛేదిస్తాయి. పిగ్మెంటు రేణువులో వేలాది అణువులు గుత్తిగా ఉంటాయి; పైపొర నశించినా లోపలివి నిలుస్తాయి. కాబట్టి దాచుకోవలసిన ఫోటోకు పిగ్మెంటు సిరా గాని, ఫోటో లాబులో వెండి లవణాల కాగితం మీద వేయించిన ప్రతి గాని వాడాలి. అద్దం బిగించి ఎండ సోకని గోడకు తగిలించాలి. స్కాను చేసిన ప్రతిని మాత్రం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ముందు తరాలకు నిజంగా అందేది అదే.

ఇక శనివారం రాత్రి సమస్య. కొత్త కార్ట్రిడ్జి వేసిన రోజున ఒక చిన్న చీటీ మీద తేదీ, ధర రాసి ప్రింటరుకు అతికించి, వేసిన పేజీల లెక్క కూడా పెట్టుకుంటే చాలు. అది అయిపోయేనాటికి ఆ ఇంటి పేజీ ఖర్చు ఎంతో, నెలకు ఎన్ని పేజీలు అవసరమో ఆ చీటీయే చెబుతుంది. తరువాతి ప్రింటరు కొనటానికి దుకాణానికి వెళ్ళినప్పుడు ప్రకటనల కాగితం కన్న ఆ చీటీ జేబులో ఉండటం మేలు.