ఇల్లు కొనునపుడు

పామూరులో ఒక పాత యిల్లు అమ్మకమునకు వచ్చినదనుకొందము. ఈసీ తీయించితిమి, తాకట్టేదియు లేదు. ఇక నిశ్చింతయేనా? కాదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడును. వారసుల హక్కు కనబడదు. ఇల్లు పంపకము కాని పిత్రార్జితమైనచో, 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారము కుమార్తెకును కుమారునితో సమాన భాగము కలదు. అన్నదమ్ములు మాత్రమే వ్రాసిన దస్తావేజు, సామాన్యముగా, అత్తవారింటనున్న ఆడపడుచు వాటాను మనకు సంక్రమింపజేయజాలదు. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రమున అమ్మువానికి లేని హక్కు కొన్నవానికి రాదు.

కావున బయానా ఇచ్చుటకు ముందే తహసీల్దారు ఇచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రమును చూతము. అసలు దస్తావేజులను అడుగుదము. నకళ్లే చూపినచో అసలువి తాకట్టులో నున్నవేమో విచారింతము. మిగిలిన పైకము వాటాదారులందరును సంతకము చేయునప్పుడే చెల్లింతము.