సినిమా చూశాక ఏం చెప్పాలి?



ముగ్గుల పోటీలు, వంటల పోటీలు మనకు కొత్త కాదు. ఇప్పుడు కాలనీల్లో, అపార్టుమెంట్లలో చిన్న సినిమాల పోటీలు కూడా పెడుతున్నారు. ఒక విషయం ఇచ్చి, గడువు పెడతారు. సెల్‌ఫోనుతో నాలుగైదు నిమిషాల సినిమా తీసి చూపించాలి. 2001లో వాషింగ్టన్‌లో మొదలైన ఒక పోటీలో అయితే కథ రాయడం, తీయడం, ఎడిటింగ్ అంతా 48 గంటల్లో అయిపోవాలి! ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

సరే, సినిమా చూశాం. తీసినమ్మాయి వచ్చి, "ఎలా ఉంది పిన్నిగారూ?" అంటుంది. "బాగుందమ్మా" అనేసి లేస్తాం. లేదా "ఏమిటో, ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటాం. ఈ రెంటి వల్లా ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. కూర బాగాలేదంటే వండినావిడ ఏం చేస్తుంది? ఉప్పు ఎక్కువైందంటే రేపు తగ్గిస్తుంది.

లిజ్ లెర్‌మన్ అనే అమెరికా నృత్య దర్శకురాలు 1990లో దీనికొక పద్ధతి ఏర్పరిచారు. అందులో నాలుగు మెట్లున్నాయి. మొదట, మన మనసులో నిలిచిందేమిటో చెప్పాలి. రెండు, తీసినవారు అడిగినదానికి జవాబివ్వాలి. మూడు, మనం అడగాలి. అయితే ప్రశ్నలో తప్పుపట్టడం దాగి ఉండకూడదు. "ఇంత చీకటిగా తీశావేం?" అనేది దెప్పడం. "ఆ గదిలో వెలుతురు ఎలా ఉండాలనుకున్నావు?" అనేది ప్రశ్న. నాలుగోది మన అభిప్రాయం. అదీ "ఫలానా దాని గురించి ఒక మాట చెప్పనా?" అని అడిగి, సరేనంటేనే చెప్పాలి.

చెప్పేది ఎక్కడో గుర్తుపెట్టి చెప్పండి. "రెండో నిమిషంలో అమ్మమ్మ మాట వినపడలేదు" అంటే ఆ అమ్మాయికి కారణం దొరుకుతుంది. ఫోను దూరంగా ఉంటే మనిషి గొంతు తగ్గి, ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత పైకొస్తాయి. ఫోను దగ్గరికి జరిపితే సరి. అలాగే కిటికీ ముందు నిలబెట్టి తీస్తే, కెమెరా ఆ వెలుగుకే సర్దుకుని ముఖం నల్లబడుతుంది. మనిషిని కిటికీవైపు తిప్పితే చాలు.

"నేనైతే అత్తగారిని మంచావిడగా చూపించేదాన్ని" అనకండి. అది మీరు తీయవలసిన సినిమా.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. కొత్తకోడలు ఎవరైనా వంటింటి చాకిరీ మీద సినిమా తీసిందనుకోండి. నలుగురిలో "ఇది మీ ఇంటి కథేనా?" అని నవ్వుతూనే అడుగుతాం. పక్కన అత్తగారుంటారు, భర్త ఉంటారు. ఆ అమ్మాయి తల దించుకుంటుంది. మళ్లీ పోటీకి పేరిస్తుందా? పాయసం మీద కథ రాసిన మగవారిని ఎవరూ అలా అడగరే! కాబట్టి తెరమీద చూసినదాని గురించే మాట్లాడదాం. ఇంటి సంగతులు తెరిచి అడగవద్దు.

ఈసారి మీ కాలనీలో పోటీ పెడితే, ప్రతి సినిమా రెండుసార్లు చూడండి. మొదటిసారి ఊరికే చూడండి, రెండోసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. నిలిచిపోయినది ఒకటి, అందనిది ఒకటి రాసి, ఆ అమ్మాయి చేతికివ్వండి. సెలవు.